సంతకం పోయింది, లాగిన్ వచ్చింది

మన ఐటీ జనానికి ఒక జబ్బుంది. ఏ సమస్య చెప్పినా "దానికో యాప్ పడేస్తే సరి" అంటాం. ట్రాఫిక్కా? యాప్. చెత్తా? యాప్. లంచాలా? అన్నీ ఆన్‌లైన్ చేసి పారేస్తే ఎవడు తింటాడు బాస్! అల్వాల్‌లో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవాడికి క్యాబ్‌లో బోలెడంత టైము, కాబట్టి ఈ మాట నేను వినని వారం లేదు. చెప్పేవాడి ధీమా చూస్తే, పాపం ప్రభుత్వానికి కంప్యూటర్ అనేదొకటి ఉందన్న సంగతే ఇంతవరకూ ఎవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది.

ఒక్కటడుగుతా. మనం ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా ముందు ఏం చేస్తాం? యూజర్ దగ్గర కూర్చుని "అయ్యా, ఈ పని ఇప్పుడు మీరెలా చేస్తున్నారు?" అని అడుగుతాం. కనీసం అడిగినట్టు డాక్యుమెంటైనా తయారుచేస్తాం :) మరి అవినీతిని తగ్గించే సిస్టం కట్టేటప్పుడు అసలు యూజర్ ఎవరు? బల్ల అవతల కూర్చున్న ఉద్యోగే కదా. లంచం గురించి ఆయన ఏమనుకుంటున్నాడు, దాన్ని ఏ పేరుతో పిలుస్తాడు, రాత్రి నిద్ర ఎలా పడుతుంది, ఇవన్నీ ఎప్పుడైనా అడిగామా? మనం అడిగేదంతా బల్లకి ఇవతలి వాళ్లని. వాళ్లు తిడతారు. ఆ తిట్లనే రిక్వైర్‌మెంట్లనుకుని కోడ్ రాసేస్తాం. అందుకే మన కోడ్ అలా ఏడుస్తోంది.

నేను అడిగాను. పెద్ద సర్వే ఏం కాదులెండి. మా కాలనీలో రిటైరైన ప్రభుత్వోద్యోగులకి కొదవ లేదు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, ఇరిగేషన్, కమర్షియల్ టాక్స్.. పొద్దున్నే పార్కులో రెండు రౌండ్లు కొట్టి బెంచీల మీద చేరతారు. "అంకుల్, మీ సర్వీసులో.." అని కదిపితే చాలు. రిటైరయ్యారు కాబట్టి నోళ్లు తెరుచుకుంటాయి, పెన్షన్ ఉంది కాబట్టి పేర్లు మాత్రం బయటికి రావు.

మొట్టమొదట అర్థమైంది ఏమిటంటే, వాళ్లలో ఎవరి నిఘంటువులోనూ తన డిపార్టుమెంటు తీసుకున్నది "లంచం" కాదు. రూల్సుకి విరుద్ధమైన పని చేసిపెట్టి తీసుకుంటేనే లంచం. న్యాయంగా చెయ్యాల్సిన పనే చేసి తీసుకుంటే అది మామూలు. పనయ్యాక పార్టీ తనంతట తాను ఇస్తే సంతోషం. అడిగి తీసుకుంటే తప్పు, అడక్కుండా ఇచ్చింది కాదంటే అమర్యాద. పైవాడికి పంపడానికి తీసుకుంటే అసలు అది తనది కానే కాదు, తనో పోస్ట్‌మాన్ అంతే. చూశారా ఎన్ని డేటా టైపులో! చట్టంలో ఉన్నది ఒకటే టైపు, వీళ్ల బుర్రలో అయిదున్నాయి. ఇందులో మనకీ వాటా ఉంది. "మామూలు" అన్న పేరు పెట్టింది ఎవరు? రోజూ ఉండేదీ, ఆశ్చర్యపోనక్కర్లేనిదీ అని భాషలోనే ఒప్పేసుకున్నాం కదా.

రెవెన్యూలో చేసిన ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను. "బాబూ, మండలానికి మంత్రిగారొస్తారు. టెంటు, కుర్చీలు, మంచినీళ్లు, వెనకాలొచ్చిన మందికి భోజనాలు. ఎవరు చూసుకోవాలి? తహసీల్దారు. దానికి బడ్జెట్టు ఏది? వస్తుంది.. ఎప్పుడో, సగం. నా జీతంలోంచి పెట్టుకోనా? ఆర్ఐకి చెప్తాను. ఆర్ఐ వీఆర్వోకి చెప్తాడు. వీఆర్వో ఎవరికి చెప్తాడో నేను అడగను."

ఆ "నేను అడగను" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన అబద్ధం చెప్పట్లేదు. దొంగమనిషి కూడా కాదు, మా వీధిలో నలుగురికి సాయం చేసేవాడే. ప్రోటోకాల్ ఖర్చు అనేది నిజమైన ఖర్చు. దానికి సరైన పద్దు లేకపోవడం కూడా నిజమే. కానీ ఆ భోజనాల బిల్లు చివరికి ఎవరిమీద పడుతుందో చూడండి. కులం సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లాడి మీద, తండ్రి పోయాక భూమి తన పేరున మార్పించుకోవడానికి వచ్చిన కొడుకు మీద. మంత్రిగారు తిన్న బిర్యానీకి వాళ్లు డబ్బులు కట్టారని వాళ్లకీ తెలీదు, మంత్రిగారికీ తెలీదు. తెలిసినాయన అడగడు.

ఇంకో ఆయన వాదన వేరు. గుమాస్తా అయిదొందలు తీసుకుంటే పేపర్లో ఫోటో వేస్తారు, పై సారు సంతకం ఖరీదెంతో ఎవరికైనా తెలుసా అని. గెజిటెడ్‌గా రిటైరైనాయన్ని అడిగితే "కింది స్టాఫే మాకు చెడ్డపేరు తెస్తారు" అన్నారు. అందరూ కలిసి వేలెత్తి చూపేది రాజకీయ నాయకుల్ని. మళ్లీ అందరూ కలిసి ఒప్పుకునే ఇంకో ముద్దాయి, జనం. "క్యూలో నిలబడే ఓపిక లేక వాళ్లే జేబులో పెట్టిపోతారయ్యా." మొత్తానికి అవినీతి ఎక్కడుందంటే పక్క సీటులో. పక్క సీటుకెళ్లి అడిగితే దానికి పక్క సీటులో.

తీసుకోని మనిషి కూడా ఉన్నాడు ఆ బెంచీ మీద. ఆయన ఎక్కువ మాట్లాడరు. ముప్పయ్యేళ్ల సర్వీసులో సగం లూప్‌లైన్‌లోనే గడిచిందట. "నేను తీసుకోకపోతే వాళ్లకి నష్టమేం లేదు. కానీ నా సీటు దగ్గర గొలుసు తెగుతుంది. అందుకని నన్ను తీసి పక్కన పెట్టేవాళ్లు" అన్నారు, ఏదో వాతావరణం గురించి చెప్తున్నట్టు.

ఈ గొలుసు సంగతి బెంచీ కబుర్లే అనుకోకండి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు దక్షిణాదిలో ఒక రాష్ట్రంలో కాలువల ఇంజనీర్ల మధ్య తిరిగి 1982లో ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో కనిపించేది పోస్టింగుల బజారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మంచి డివిజన్ కోసం ముందే డబ్బు కడతాడు. ఉండేది రెండేళ్లో ఎంతో. ఆ లోపల కాంట్రాక్టర్ల దగ్గరా, నీళ్లు కావాల్సిన రైతుల దగ్గరా పెట్టుబడి రాబట్టుకోవాలి, పైకి పంపాలి. అంటే లంచం ఆయన బలహీనత కాదు, ఈఎంఐ. ఈఎంఐ ఉన్నవాడికి నీతిబోధ చేసి చూడండి ఏమంటాడో! వాళ్లు కూడా మనలాగే ఇంజనీరింగ్ చదివినవాళ్లేనండోయ్. వేడ్ రాసిందానికి నలభయ్యేళ్లు దాటింది. ఇప్పుడు మనూళ్లో "ఆ మండలానికి రేటెంత" అన్న మాట వింటే ఎవరైనా ఉలిక్కిపడుతున్నారా?

పై అధికారులకి ఇదంతా తెలీదా అంటే, దేశంలో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. 1996లో ఉత్తరప్రదేశ్ ఐఏఎస్ అధికారుల సంఘం ఒక విచిత్రమైన పని చేసింది. తమలో అందరికన్నా అవినీతిపరులెవరో తేల్చడానికి రహస్య బ్యాలెట్ పెట్టుకుంది. బయటివాళ్లెవరూ కాదు, వాళ్లకి వాళ్లే! అలా బయటికొచ్చిన పేర్లలో అఖండ్ ప్రతాప్ సింగ్, నీరా యాదవ్ ఉన్నారు. తరవాతి కాలంలో ఇద్దరూ అదే రాష్ట్రానికి చీఫ్ సెక్రటరీలయ్యారు. నీరా యాదవ్‌ని 2005లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే గానీ ఆ కుర్చీలోంచి కదపలేదు. నోయిడా ప్లాట్ల కేసులో ఆమె దోషి అన్న తీర్పుని సుప్రీంకోర్టు ఖాయం చేసింది 2017లో. బ్యాలెట్ పెట్టిన 21 ఏళ్లకి! సర్వీసులోకి కొత్తగా వచ్చిన కుర్రాడు ఈ కథలోంచి ఏం నేర్చుకుంటాడు? తోటివాళ్ల అభిప్రాయం కరెక్టే, కానీ అది ప్రమోషన్‌కి అడ్డం కాదు అని.

మన హైదరాబాదు సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ వాళ్లు కూడా కేంద్ర ప్రభుత్వంతో కలిసి 2010లో సివిల్ సర్వీసుల అధికారుల్నే అడిగి ఒక సర్వే రిపోర్టు తెచ్చారు. వేలమంది అధికారులు జవాబిచ్చారు. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఎప్పుడో ఒకప్పుడు రాజీనామా చేద్దామనుకున్నవాళ్లే. ముఖ్యమైన పోస్టింగులు ప్రతిభ చూసే ఇస్తారని నమ్మేవాళ్లు తక్కువ. వ్యవస్థ మీద వాళ్లకున్న అభిప్రాయం మనకున్న దానికంటే గొప్పగా ఏం లేదన్నమాట. వాళ్లు అడిగేదీ, పార్కులో ఆ మాట్లాడని పెద్దాయన అడిగేదీ ఒకటే. సీటు ఎవరిస్తారు, ఏ లెక్కన ఇస్తారు, ఎందుకు పీకేస్తారు?

ఇప్పుడు మన పోర్టళ్ల సంగతికొద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని 1998 నుంచే కంప్యూటరైజ్ చేశారు, "కార్డ్" అనే ప్రాజెక్టుతో. స్టాంపు డ్యూటీ లెక్క మిషన్ కట్టింది, రోజులు పట్టే కాగితాలు గంటల్లో వచ్చాయి. దేశమంతా పొగిడింది. మరి దస్తావేజు లేఖరి ఇంటికెళ్లిపోయాడా? వెళ్లలేదు. ఆఫీసు ఎదురుగానే ఉన్నాడు, ఫీజులో "ఆఫీసు ఖర్చు" అన్న లైను కూడా ఉంది. ఎందుకంటే డాక్యుమెంటు తీసుకోవాలా, కొర్రీ వేసి తిప్పి పంపాలా అన్నది మాత్రం కుర్చీలో మనిషి చేతిలోనే ఉంచారు. అదే కాలంలో వచ్చిన ఈసేవని చూడండి. 1999లో పైలట్‌గా మొదలై, 2001లో ఈసేవ పేరుతో వచ్చింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు కట్టడానికి ఎవడికైనా లంచమిచ్చామని మన పేరెంట్స్ చెప్పగా విన్నారా? లేదు. ఈసేవ కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి "మీ బిల్లు తీసుకోను" అనే అధికారమే లేదు. రెండు చోట్లా కంప్యూటర్లున్నాయి. ఒకచోట కాదనే హక్కు మిగిల్చారు, ఇంకోచోట తీసేశారు. తేడా అంతా అక్కడే.

క్లిట్‌గార్డ్ అనే ఆర్థికవేత్త 1988లోనే దీన్ని ఫార్ములాగా రాశాడు. అవినీతి = గుత్తాధిపత్యం + విచక్షణాధికారం − జవాబుదారీతనం. మూడు వేరియబుల్స్. గమనించండి, ఇందులో "కాగితం" లేదు, "ఇంటర్నెట్" లేదు, "మంచితనం" అసలే లేదు.

ఈ ఫార్ములా పట్టుకుని మా వైపే రండి. 2020 ఆగస్టులో కీసర తహసీల్దారుని ఏసీబీ పట్టుకుంది. మా అల్వాల్ ఉన్న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే. భూమి వ్యవహారం, కోటీ 10 లక్షలు, అదీ నోట్ల కట్టలు. కేసు విచారణకి రాకముందే ఆ అక్టోబరులో ఆయన చంచల్‌గూడ జైల్లో చనిపోయాడు. ఈలోగా సెప్టెంబరులో కొత్త చట్టం తెచ్చి వీఆర్వో వ్యవస్థని రద్దు చేశారు. అవినీతికి మూలం కిందిస్థాయి అని తేల్చేశారన్నమాట (పై సారు చెప్పిందదే కదా, కింది స్టాఫే చెడ్డపేరు తెస్తారని). అక్టోబరు 29న శామీర్‌పేట అవతల మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించారు. రిజిస్ట్రేషనూ, మ్యుటేషనూ ఒకేసారి, నిమిషాల్లో. నిజం చెప్పుకోవాలి, చిక్కుల్లేని భూమికి అది బాగానే పనిచేసింది. అమ్మేవాడు, కొనేవాడు, స్లాట్, అయిపోయింది. అక్కడ ఎవరికీ కాదనే ఛాన్సు లేదు.

చిక్కున్న భూమి సంగతేంటి? పేరులో ఒక అక్షరం తప్పు, విస్తీర్ణంలో రెండు గుంటలు తేడా, సర్వే నంబరు మొత్తం నిషేధిత జాబితాలో. ఇలాంటివన్నీ రకరకాల మాడ్యూళ్ల కింద అప్లికేషన్లయి కలెక్టరు లాగిన్‌లోకి చేరాయి. రెవెన్యూ కోర్టులూ రద్దు, కాబట్టి అప్పీలు కూడా లేదు, సివిల్ కోర్టుకి పొమ్మన్నారు. ఫార్ములాలో పెట్టి చూడండి. గుత్తాధిపత్యం పెరిగింది. విచక్షణ కింద నుంచి పైకి జరిగింది, తగ్గలేదు. జవాబుదారీ చెప్పడానికి అప్పీలే లేదు. ఒక ఇంజనీరుగా నాకు జవాబు ముందే తెలిసిపోవాలి. 2024 మొదట్లో ప్రభుత్వం మారి లెక్కలు తీస్తే పెండింగ్ అప్లికేషన్లు సుమారు 2.45 లక్షలని తేలింది.

పెండింగ్ ఉన్నచోట బేరం ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో శామీర్‌పేట తహసీల్దారుని 10 లక్షల లంచం కేసులో ఏసీబీ అరెస్టు చేసింది, డబ్బు డ్రైవర్ చేతికి వెళ్లిందని. ధరణి ప్రారంభించిన మూడుచింతలపల్లికి దారి ఆ శామీర్‌పేట మీదుగానే! అదే ఏడాది ఆగస్టులో రంగారెడ్డి జిల్లా అదనపు కలెక్టరు, ఒక సీనియర్ అసిస్టెంటు 8 లక్షల కేసులో దొరికారు. పని ఏమిటంటే నిషేధిత జాబితాలోంచి భూమి తియ్యడం. దోషులా కాదా తేల్చేది కోర్టు. నేను చూసేది ఆ సీట్లు ఏమిటా అని. వీఆర్వోని తీసేశాక, అంతా ఆన్‌లైన్ అయ్యాక, కేసు ఎక్కడ పడింది? సరిగ్గా లాగిన్ ఉన్నచోట. మనం సంతకాన్ని తీసెయ్యలేదు, దానికో పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చాం.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీళ్లు తిరిగి పెట్టారు, మంచిపని. అదే సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు అనే కొత్త పేరుతో ఊళ్లలో మనుషుల్ని మళ్లీ వేశారు. మనిషిని తీసెయ్యడం, మళ్లీ పెట్టడం.. ఈ రెండూ చేసి చూశాం. అతని ముందున్న స్క్రీన్ ఎలా ఉండాలన్నది మాత్రం ఇంకా ఎవరూ పట్టించుకోవట్లేదు.

దీనికి ఎప్పుడూ వినిపించే ఇతర మందులున్నాయి. జీతాలు పెంచాలంటారు. 2010లో ఘనాలో పోలీసుల జీతాలు రెట్టింపు చేశారు. లారీల దగ్గర వసూళ్లని ముందూ వెనకా కొలిచిన పరిశోధకులు తేల్చింది, ఒక్కో లారీ దగ్గర గుంజే డబ్బు పెరిగిందని! (హోదా పెరిగింది కదా మరి.) ఏటా విజిలెన్స్ వారోత్సవాల్లో నిలబడి చెయ్యి చాచి ప్రమాణం చేస్తారు, పాపం ఆ చేతికేం తెలుసు. ఏసీబీ ట్రాపులు పెంచాలంటారు. పెంచాల్సిందే, 1064 నంబరు ఉండాల్సిందే. కానీ పౌడరు పూసిన నోట్లు ఇచ్చి, వేళ్లు ద్రావణంలో ముంచి, గులాబీరంగు వచ్చేలోపు ఫిర్యాదు చేసినాయన మనసులో తిరిగేది ఒకటే ప్రశ్న. రేపు ఈ సీటులోకి వచ్చేవాడు నా ఫైలు ముట్టుకుంటాడా?

"అసలు గవర్నమెంటు ఉద్యోగాలకి ఎగబడేవాళ్లే అలాంటోళ్లు" అనేది ఇంకో మాట. ఈ మాటకి ఆధారం ఉంది కూడా. రెమా హన్నా, షింగ్-యి వాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు బెంగుళూరు కాలేజీ విద్యార్థుల చేత పాచికలు వేయించి, ఎంత పడిందో వాళ్లనే చెప్పమని డబ్బులిచ్చారు. ఎక్కువ పడిందని కోసినవాళ్లలో ప్రభుత్వోద్యోగం కావాలనేవాళ్లు ఎక్కువ. ఆగండి, అప్పుడే చప్పట్లు కొట్టకండి. డెన్మార్క్‌లో ఇలాంటి పాచికల పరీక్షే పెడితే ఫలితం పూర్తిగా తలకిందులు, నిజాయితీపరులే ప్రభుత్వం వైపు వెళ్తున్నారు. పాచిక అదే. సీటుకి ఊళ్లో ఉన్న పేరు వేరు. ఏ పేరుంటే ఆ జనమే వస్తారు.

ఇక మన సంగతి. పక్క సీటు జబ్బు ఉద్యోగులకే ఉందా? హెచ్ఆర్ఏ కోసం దొంగ అద్దె రసీదులు పెట్టేవాణ్ణి "ట్యాక్స్ ప్లానింగ్" అంటాం. అమీర్‌పేట అనుభవం సర్టిఫికెట్లని "మేనేజ్ చేసుకున్నాడు" అంటాం. రెండంతస్తులకి పర్మిషన్ తీసుకుని నాలుగు లేపినాయన్ని "తెలివైనోడు" అంటాం, మా అల్వాల్ సందుల్లో అలాంటి తెలివైనోళ్ల ఇళ్లకి ఎండ కూడా తగలదు. మన కంపెనీలేమైనా తక్కువ తిన్నాయా? చెన్నైలో క్యాంపస్ ప్లానింగ్ పర్మిట్ కోసం 20 లక్షల డాలర్ల లంచం వ్యవహారంలో కాగ్నిజెంట్ 2019లో అమెరికా ఎస్ఈసీకి రెండున్నర కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. ఇద్దరు మాజీ పెద్దల మీద పెట్టిన క్రిమినల్ కేసుని 2025లో అక్కడి ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, అది వేరే కథ. ఏసీ గదిలో కూర్చున్నవాడు కూడా పర్మిట్ ఆగితే చేసేది ఇదే. కాబట్టి "వాళ్లు" "మనం" అని గీత గియ్యడం ఆపి, గేటు దగ్గర ఆపే అధికారం ఎవరికిచ్చామో చూద్దాం.

నాకు తోచింది చెప్తాను. ముందు ఆ స్క్రీన్. ఇప్పుడు అధికారి లాగిన్ అయితే పెండింగ్ అప్లికేషన్లన్నీ లిస్టుగా కనిపిస్తాయి, పేర్లతో సహా. తనకి నచ్చింది క్లిక్ చేసుకోవచ్చు, నచ్చనిది ఆర్నెల్లు ఉంచొచ్చు. ఆ లిస్టే అసలు వ్యాపారం. లిస్టు తీసెయ్యండి. "తరవాతిది" అనే ఒక్క బటన్ చాలు. ముందు వచ్చింది ముందు తెరుచుకోవాలి, అది తేల్చకుండా రెండోది రాకూడదు. కాగితాలు మాత్రమే చూస్తే సరిపోయే పనులకి అప్లికేషన్ వేరే జిల్లా అధికారికి లాటరీలో వెళ్లాలి. ఆదాయపు పన్నులో 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ అని చేస్తున్నది ఇదే. ఎవరిదో తెలీనివాడికి ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తెలీదు.

కొర్రీల సంగతి. ఏమేం లోపాలున్నాయో ఒకేసారి, మొదటిసారే చెప్పెయ్యాలి. వారానికో కాగితం అడిగి నాలుగు వారాలు తిప్పడం కుదరకుండా రెండో కొర్రీ బాక్సే ఉండకూడదు. కోడ్‌లో ఇది ఎంత పనో మీకు తెలుసు, ఒక పూట.

గడువు దాటితే ఆమోదం అయిపోయినట్టే అనే పద్ధతి 2020లో టీఎస్ బీపాస్‌తో ఇళ్ల పర్మిషన్లకి తెచ్చారు. 600 గజాల లోపు స్థలాలకి స్వీయ ధృవీకరణ మీద వెంటనే అనుమతి. అల్వాల్ లాంటి చోట సామాన్యుడి ప్లాటు అందులోకే వస్తుంది, ఇది మేలే. బేరం ఇప్పుడు పర్మిషన్ దగ్గర కాకుండా కట్టాక "డీవియేషన్" కొలిచే దగ్గర జరుగుతోందని వీధిలో అంటారు. అంటే సగం గెలిచినట్టు. భూమి విషయంలో మాత్రం గడువు దాటితే ఆమోదం అనడం ప్రమాదం, ఒకడి భూమి ఇంకొకడికి వెళ్లిపోతుంది. అక్కడ గడువు దాటితే ఫైలు దానంతటదే పైకి పోవాలి, రోజుకింత అని ఆ అధికారి జేబులోంచి పోవాలి. మధ్యప్రదేశ్ 2010లో తెచ్చిన సేవల హామీ చట్టంలో రోజుకి 250 రూపాయలు, గరిష్ఠంగా 5,000 జరిమానా పెట్టారు. చిన్న మొత్తమే, కానీ సర్వీసు రికార్డులో పడే ఎర్రగీత ఉద్యోగికి డబ్బు కంటే ఎక్కువ నొప్పి. ఈ మాట నాకు చెప్పింది బెంచీ మీది పెద్దమనుషులే.

ఇదంతా సులువు భాగం. కష్టమైంది గొలుసు. తహసీల్దారు ఈఎంఐ కడుతున్నంతకాలం మన స్క్రీన్‌కి ఎక్కడో ఒక కన్నం వెతుక్కుంటాడు, వెతుక్కోక చస్తాడా. 2013 అక్టోబరు 31న టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అధికారులకి నిర్ణీత కాలం పోస్టింగు ఉండాలి, బదిలీలు చూడ్డానికి బోర్డులుండాలి, నోటిమాట ఆదేశాల మీద పనిచెయ్యొద్దు, రాతలో తీసుకోండి అని. రిటైరైన అధికారులే వేసిన పిటిషన్ అది. అంటే బల్ల అవతలివాళ్లు అడిగిన రిక్వైర్‌మెంట్. దీన్ని మండలం దాకా తీసుకురండి. ఏ సీటులో ఎవరు ఎన్నాళ్లున్నారు, ఎందుకు మారారు, ఎవరి సిఫారసు లేఖ మీద మారారు, అన్నీ జిల్లా వెబ్‌సైటులో పెట్టండి. శామీర్‌పేటలో 2022లో కొత్త కలెక్టరేట్ కట్టారు, చూడముచ్చటైన బిల్డింగు. గోడ మీద ఆ లిస్టు అంటించడానికి బోలెడంత చోటుంది. పక్కనే ప్రోటోకాల్ ఖర్చు కూడా. ఏ పర్యటనకి ఎంత, ఏ పద్దులోంచి. అప్పుడు తహసీల్దారు "నేను అడగను" అనాల్సిన అవసరమే రాదు.

చట్టంలో ఒక తిక్కపని కూడా జరిగింది. న్యాయంగా రావాల్సిన పనికి బలవంతం మీద లంచమిచ్చినవాణ్ణి నేరస్తుడు కాదని చెప్పండి, అప్పుడు వాడే వచ్చి తీసుకున్నవాడి పేరు చెప్తాడని 2011లో కౌశిక్ బసు వాదించాడు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి ఇవ్వడం కూడా నేరం చేశారు. బలవంతం మీద ఇస్తే మినహాయింపుంది, కానీ 7 రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. పాస్‌బుక్ చేతికి రావడానికి ఏడు నెలలు పట్టేచోట ఏడు రోజుల్లో ఎవడు నోరు విప్పుతాడండీ? ఎనిమిదో రోజునుంచి ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే పడవలో. ఉద్యోగికి ఇంతకంటే భద్రత ఏం కావాలి. ఇక లోపలినుంచి చెప్పేవాళ్ల సంగతి.. సత్యేంద్ర దూబే గుర్తున్నాడా? ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు, హైవే పనుల్లో అక్రమాల మీద ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాస్తే పేరు బయటికి పొక్కింది. 2003 నవంబరులో గయలో కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 30. ఆ తరవాత పదేళ్లకి, 2014లో, సమాచారమిచ్చేవాళ్లని రక్షించే చట్టం పార్లమెంటులో పాసైంది. అమల్లోకి మాత్రం ఇంకా తేలేదు. బెంచీ మీద ఆ పెద్దాయన ముప్పయ్యేళ్లు నోరు మూసుకుని లూప్‌లైన్‌లో ఎందుకు కూర్చున్నారో నన్నడక్కండి.

ఇదంతా ఎందుకింత వేడిగా రాస్తున్నానంటే, పాస్‌బుక్ అంటే మనకి ఒక పీడీఎఫ్, అంతే. 2018లో రైతుబీమా పెట్టినప్పుడు 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు అన్నారు. పట్టాదారు అని రాసి ఉండాలి కదా. పేరులో అక్షరం తప్పని పాస్‌బుక్ ఆగిపోయిన మనిషి, ఆ ఫైలు ఎవరో లాగిన్‌లో ఉండగా పోతే? ఆ ఇంటివాళ్లు తర్వాత ఎవరికి ఏం అప్లికేషన్ పెట్టుకోవాలి? ఫైలు తొక్కిపెట్టినాయనకి ఆ సంగతి తెలిసే దారి కూడా లేదు. పార్కు బెంచీ మీద ఈ మాటంటే రెవెన్యూ పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "అలా ఎప్పుడూ ఆలోచించలేదయ్యా" అన్నారు.

మీలో ప్రభుత్వ ప్రాజెక్టులకి పనిచేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఒక్క విషయం చెప్పండి. అధికారి స్క్రీన్ మీద వరస తప్పించి ఏ ఫైలైనా తెరిచే ఆప్షను, కారణం రాయకుండా "హోల్డ్" పెట్టే బటను, ఇవి రిక్వైర్‌మెంట్లలో ఎవరు అడిగారు? లేక ఎవరూ అడక్కుండానే మనమే పెట్టి ఇచ్చామా?